మరిడమ్మ అనని మాట

యాంగోన్‌లో అహ్లోన్ రేవు వెనక తెలుగువాళ్ళ సందులో తాయారమ్మ అంటే అందరికీ కాస్త భయం. చూస్తే భయపడాల్సిందేమీ కనిపించదు. డెబ్బై ఏళ్ళ మనిషి, పొట్టి, ఎండిన తుమ్మకాయలా ఉంటుంది. కానీ ఏడాదికోసారి ఆవిడ మీదికి మరిడమ్మ తల్లి వస్తుంది. మూతపడ్డ బియ్యం మిల్లు గోడనానుకుని రేకుల కప్పు కింద ఉన్న అమ్మవారి గుడికి ఆవిడే గణాచారి. అంటే అమ్మవారికి జనంతో ఏదైనా చెప్పాలనిపిస్తే తాయారమ్మ నోటితో చెబుతుంది. నలభై ఏళ్ళుగా అదే వరస. పక్క వీధి బర్మా వాళ్ళు కూడా కొబ్బరికాయ, అరటిపళ్ళు పట్టుకొచ్చి, పిల్లకి పెళ్ళి కుదరడం లేదు, అమ్మని అడిగి చెప్పమని గుమ్మంలో కూర్చుంటారు.

ఇంతమందిని భయపెట్టే మనిషికి తనకీ ఒక భయం ఉందని మాత్రం ఎవరికీ తెలీదు. సూది. నవ్వకండి. మిల్లు నడిచినన్నాళ్ళూ ఆవిడ పని బస్తాల మూతులు కుట్టడమే. జానెడు దబ్బనం పట్టి పొద్దున్నించి సాయంత్రం దాకా గోనెల్లోకి పొడిచిన చెయ్యి, ఆస్పత్రి సూది కనిపిస్తే చచ్చుబడిపోయేది.

దానికో కారణం ఉంది. ఆవిడకి ఎనిమిదేళ్ళప్పుడు సందులోకి మశూచి టీకాల వాళ్ళు వచ్చారు. చెల్లెలు నూకాలు చెయ్యి పట్టుకుని గీరారు. చెయ్యి వాచింది, ఒళ్ళు పేలిపోయేంత జ్వరం వచ్చింది, నాలుగో రోజుకి పిల్ల లేదు. టీకా వల్ల పోయిందో, ఆ వానాకాలం సందులో పిల్లల్ని ఎత్తుకుపోయిన విషజ్వరం వల్లే పోయిందో చెప్పగలిగిన వాళ్ళు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. టీకాల వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు తాయారు మిల్లు వెనక ఊక గుట్టలో పీకల దాకా కూరుకుపోయి దాక్కుంది. ఒక రకంగా ఆవిడ ఆ ఊకలోంచి ఇవాళ్టికీ బయటికి రాలేదు.

ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే మంత్రసాని చేతుల మీద కంది. పన్ను పుచ్చితే మత్తు సూది వద్దని అలాగే పీకించుకుంది. ఆ రోజు ఆవిడ అరుపుకి రేవులో పడవ వాళ్ళు తలెత్తి చూశారని మొగుడు బుల్లియ్య ఇప్పటికీ చెబుతాడు. జనం ఇదంతా నిష్ఠ అనుకున్నారు. అమ్మవారు దిగే ఒళ్ళు కదా, అందుకే ఇనుము తగలనివ్వదు అన్నారు. తాయారమ్మ అవుననలేదు, కాదనలేదు. పిరికితనాన్ని పదిమందీ నిష్ఠ అంటూ ఉంటే కాదని మొత్తుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు.

బుల్లియ్య సంగతి కూడా చెప్పాలి. డెబ్బై నాలుగేళ్ళు. మిల్లులో బస్తాలు మోసి మోసి మెడ ఒక పక్కకి వంగిపోయింది, ఊక దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడ్డాయి. నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చుంటాడు. ఆ దగ్గు వినిపిస్తున్నంతసేపూ తాయారమ్మకి ధైర్యం. ఆగితే లేచి వెళ్ళి చూస్తుంది.

కరోనా రెండో ఏడాది మార్చి నెలలో యాంగోన్‌లో ముసలివాళ్ళకి టీకాలు వేస్తామన్నారు. సైన్యం దేశాన్ని గుప్పిట్లోకి తీసుకుని అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. కుర్రాళ్ళు ఎదురు తిరిగి పెద్ద రోడ్డు మీద టైర్లు కాలుస్తున్నారు, ఎవరి కొడుకు ఎప్పుడు ఇంటికి చేరతాడో తెలీదు. వీళ్ళిచ్చే మందు ఒంట్లోకి ఎక్కించుకోవద్దని కుర్రకారు కోప్పడేవారు. టీకా పడితే రెండేళ్ళలో పోతారని ఫోన్లలో ఎవరో పంపేవారు. పేరు రాయించుకోవాలంటే వార్డు ఆఫీసుకెళ్ళి ఇంట్లో ఎంతమంది ఉన్నారో కాగితం చూపించాలి, దాంట్లో కొడుకుల పేర్లుంటాయి, అదొక దడ. అన్ని వైపుల నుంచీ భయమే. దాంట్లో ఏది ఎంత నిజమో విడదీసి చూసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది.

సరిగ్గా అప్పుడే గుడి ముందు రాట వేశారు. ఆ ఏడు జాతర లేదు, ఊరేగింపు లేదు, ఉత్తి వెదురు రాట పాతి పసుపు పూసి వేపకొమ్మ కట్టారు. రాట వేసింది మొదలు అమ్మవారిని సాగనంపే అనుపు దాకా సందులో వాళ్ళు గడ్డం గీయించుకోరు, గోళ్ళు తీసుకోరు. ఒంటికి ఇనుము తగలకూడదని వాళ్ళ తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడలో తెచ్చుకున్న కట్టుబాటు. సూది మాట ఆ కట్టుబాటులో లేదు. ఉండడానికి ఆ తాతల కాలంలో ఆస్పత్రి సూదులెక్కడివి?

రాట వేసిన రెండో రోజు అచ్చయ్య వచ్చాడు. బోటాటౌంగ్ గోదాముల్లో కావలి కాసి ఇంటి పట్టున ఉంటున్న మనిషి. వరసకి తాయారమ్మకి తమ్ముడు, చెడ్డ మాటకారి. ఆ రోజు మాత్రం చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అప్పా, మనవరాలు నా పేరు రాయించీసింది. ఎల్లుండి రమ్మన్నారు. ఎల్లమంటావా?"

ఎల్లరా అంటే అయిపోయేది. కానీ అచ్చయ్య వెళితే పైడమ్మ వెళుతుంది. పైడమ్మ అతని భార్య. వాళ్ళిద్దరూ వెళితే బుల్లియ్య వెళతాడు, బుల్లియ్య వెళితే నువ్వూ రావే అంటాడు. ఆ చివర కుర్చీ, పైకి లాగిన జాకెట్టు చెయ్యి, మెరుస్తున్న సూది తాయారమ్మకి కళ్ళకి కట్టాయి.

"రాట ఏసీసినాం కదరా. సూది మాత్రం ఇనుం కాదేటి?" అంది.

అచ్చయ్య తలూపి వెళ్ళిపోయాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు ఇంకో ఇద్దరు, ఆ మర్నాడు నలుగురు వచ్చారు. అనుపు అయ్యాక వెళ్ళొచ్చా అని అడిగారు. మాటిమాటికీ అదే ప్రశ్న వింటూంటే ఆవిడకి ఊపిరాడలేదు. ఇక ఎవరూ అడగకుండా చేసేద్దామని, సూది పొడిపించుకున్న వాళ్ళ గడప అమ్మ తొక్కదని చెప్పేసింది. పూనకం లేదు, డప్పు లేదు. గుడి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ చెప్పింది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. సాయంత్రానికల్లా ఆ మాట అమ్మవారి మాటగా సందు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళిపోయింది. ఏప్రిల్లో అనుపు అయ్యేసరికి టీకా మందు కూడా అయిపోయిందన్నారు.

జులైలో జబ్బు వచ్చింది. అంతకుముందు వచ్చినవి రాకడలే కావన్నట్టు వచ్చింది. జబ్బు మనుషులున్న ఇళ్ళ వాళ్ళు బియ్యం కావాలంటే తెల్ల గుడ్డ, మందులు కావాలంటే పసుపు గుడ్డ గుమ్మానికి కట్టేవారు. తాయారమ్మ పొద్దున్నే కిటికీ తీసేది, ఎదురింటికి ఏ గుడ్డ ఉందో చూసి మళ్ళీ మూసేది. వానలో జనం ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించుకుంటూ ఫ్యాక్టరీల ముందు వరసల్లో నిలబడ్డారు. అంబులెన్సు కూత రోజంతా వినిపించేది. కూత దూరమైతే ఒక భయం, సందు మొదట్లో ఆగితే ఇంకో భయం. బుల్లియ్య దగ్గిన ప్రతిసారీ ఆవిడ లేచి వెళ్ళి, అతను విసుక్కుంటున్నా వినకుండా నుదుటి మీద చెయ్యి వేసి చూసేది.

అచ్చయ్యకి జ్వరం వచ్చిందని పైడమ్మ గోడ మీంచి చెప్పింది. మూడో రోజున, ఎండు చేప వేయిస్తుంటే వాసనే తెలియలేదన్నాడని చెప్పింది. ఆరో రోజు మధ్యాహ్నం కొడుకు సిలిండర్ తెచ్చేసరికి దాంతో పని లేకపోయింది. తెల్ల బట్టల వాళ్ళు వ్యానులో వచ్చి ఎత్తుకుపోయారు. వెంట ఎవరూ రాకూడదన్నారు. పైడమ్మ వ్యాను వెనక నాలుగడుగులు వేసి, సందు మధ్యలో వానలో నిలబడిపోయింది. తాయారమ్మ కిటికీ సందులోంచి చూసింది గాని తలుపు తియ్యలేదు. జబ్బు అంటుతుందని తియ్యలేదనుకున్నారంతా. ఆ మొహం చూడలేక తియ్యలేదు.

ఆ రోజు నుంచి ఆవిడకి తిండి సయించలేదు. ఎల్లరా అని ఉంటే బతికేవాడా? బతికేవాడేమో. పొడిపించుకున్న వాళ్ళు కూడా పోయారని విని కాస్త తేలికపడేది, తేలికపడినందుకు మళ్ళీ తన మీద తనకే అసహ్యం పుట్టేది. చెప్పుకుందామంటే సిగ్గుచేటు, దాచుకుందామంటే గుండెల్లో రాయి. దీపం పెట్టేటప్పుడు అమ్మవారి మొహంలోకి చూడ్డం మానేసింది.

ఆగస్టులో మళ్ళీ టీకా వచ్చింది. వీధి చివర బడిలో వేస్తామన్నారు. మనవరాలు రాధాకుమారి మందుల షాపులో పని చేస్తుంది. అది అమ్మమ్మకీ తాతకీ పేర్లు రాయించి, బుధవారం పొద్దున్న రావాలని చీటీలు తెచ్చి చేతిలో పెట్టింది. బుల్లియ్య రెండు చీటీలూ లాక్కుని దేవుడి పటం వెనక దోపేశాడు. అమ్మ వద్దన్నది నేను పొడిపించుకోను, మీ ఇష్టం వచ్చినంత మొత్తుకోండి అన్నాడు. రాధ ఏడిచింది. ఊపిరితిత్తులు ఇలా ఉన్న మనిషికి ఈసారి వస్తే ఆరు రోజులు కూడా పట్టదని మొహాన్నే చెప్పింది. ముసలాయన వినలేదు.

ఆ పిల్ల వెళ్ళాక తాయారమ్మ మొగుడి ఎదురుగా నేల మీద కూర్చుంది. అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మావా, ఆ మాట అమ్మ అన్నేదు. నానే అన్నాను. నాకు సూదంటే బయ్యం."

బుల్లియ్య ముందు నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక భార్య వైపు జాలిగా చూశాడు.

"అచ్చయ్య పోయినకాడ్నించి నీ మతి నీ కాడ నేదే. ఆడు పేరు రాయించుకున్నాడు గాబట్టే పోనాడు. అమ్మ మాట కాదండానికి నువ్వెవులివి?"

తాయారమ్మ ఊరికే అన్న మాటకి ఇప్పుడు అచ్చయ్య చావే సాక్ష్యమై కూర్చుంది. అతను ఆగిపోయి చచ్చిపోతే, వెళ్ళబోయినందుకు చచ్చిపోయాడంటున్నారు. నిజం చెబితే పిచ్చి పట్టిందంటున్నారు. సందులో ఇంకో ఇద్దరికి చెప్పి చూసింది. వాళ్ళు ఆవిడ నుదుట విభూతి పెట్టి, పడుకోమని చెప్పి పంపారు. తాయారమ్మ మాటని కొట్టేయగలిగింది ఆ సందులో ఒక్క అమ్మవారే, ఆ తల్లి తనంతట తాను నోరు విప్పదు.

మంగళవారం వచ్చింది, శ్రావణ మంగళవారం. బుధవారానికి ఒక్క రోజే ఉంది. గుడిలో పదిమంది కూడా లేరు, ఉన్నవాళ్ళంతా ముసలివాళ్ళే, మూతులకి గుడ్డలు కట్టుకుని దూరదూరంగా కూర్చున్నారు. పైడమ్మ తెల్ల చీరలో స్తంభం పక్కన ఉంది. చాలా రోజులకి బయటికి వచ్చింది. హారతి వెలిగించారు. డప్పు ఒకటే, అదీ నెమ్మదిగా కొడుతున్నారు.

పూనకం ఎలా వస్తుందో తాయారమ్మకి బాగా తెలుసు. ముందు అరికాళ్ళు చల్లబడతాయి, చెవులు మూసుకుపోతాయి, ఆ తర్వాత ఏమీ తెలీదు. ఇంటికొచ్చాక ఏం చెప్పానని తనే ఎవరినో అడుగుతుంది. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా దొంగ పూనకం పూనలేదు. అలా పూనిన వాళ్ళకి నోరు పడిపోతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు, తనే పదిమందికి చెప్పింది. బుల్లియ్య అప్పుడే దగ్గాడు. ఆవిడ జుట్టు ముడి విప్పేసి లేచి నిలబడింది.

వేపమండ అందుకుని ఊగింది. జనం గబుక్కున లేచారు. ఈ నెలలో ఎన్నడూ రాని అమ్మ వచ్చిందంటే ఏ ముప్పు చెప్పడానికో అని వాళ్ళ గుండెలు జారిపోయాయి. తాయారమ్మకి చెవులు మూసుకుపోలేదు. డప్పు వినిపిస్తోంది, రోడ్డు మీద సైకిల్ బెల్లు వినిపిస్తోంది, తన గుండె కొట్టుకోవడం కూడా వినిపిస్తోంది. ఇలా ఒళ్ళు తెలిసి అమ్మవారి ముందు నిలబడ్డం ఎంత భయమో ఆవిడకి ఇంతవరకు తెలీదు. నాలుక ఇంకా కదులుతోందా లేదా అని నోట్లోనే తిప్పి చూసుకుంది.

రేపు అందరూ బడికి వెళ్ళి సూది పొడిపించుకోండని అరిచింది. అది నా పసుపు, నా వేపాకు, దాన్ని కాదంటే నన్ను కాదన్నట్టే అంది. బుల్లియ్య రెండు చేతులూ జోడించి వంగిపోయాడు. పక్కవాళ్ళు పసుపు నీళ్ళ చెంబు తెచ్చి కాళ్ళ మీద పొయ్యబోయారు. అయిపోయింది, గట్టెక్కాననుకుంది తాయారమ్మ.

పైడమ్మ స్తంభం పక్క నుంచి ముందుకొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. పక్కింటావిడని అడిగినట్టు అడిగింది.

"తల్లీ, ఈ మాట మార్చి నెల్లో ఎందుకు సెప్పనేదు? మా ఇంటాయన నీ కాళ్ళకాడికొచ్చి అడిగినాడు కదా."

డప్పు ఆగిపోయింది. తాయారమ్మ ఊగుతూనే ఉంది గాని లోపల అన్నీ ఆగిపోయాయి. కింద పడిపోవచ్చు, అమ్మ దిగిపోయిందంటారు, ఇక అడిగేవాళ్ళుండరు. అప్పుడు పైడమ్మ బతికినన్నాళ్ళూ అమ్మవారే నా మొగుణ్ణి చంపేసిందనుకుంటుంది. పోనీ ఇదంతా దొంగ పూనకమని ఒప్పేసుకుంటే బుల్లియ్య చీటీ పటం వెనకే ఉండిపోతుంది. ఎదురుగా ఆయన చేతులు జోడించుకుని, మెడ వంచుకుని, రొప్పుతున్నాడు.

"నన్నడగనేదు," అంది. గొంతు తనదో ఎవరిదో తెలీకుండా వచ్చింది. "తాయార్ని అడిగినాడు. వద్దన్నది తాయారు. దానికి సూదంటే బయ్యం. దాని బయ్యానికి నా పేరెట్టీసింది."

తను చెబితే విభూతి పెట్టి పంపిన వాళ్ళే, ఇప్పుడు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. పైడమ్మ చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత చెంబుడు పసుపు నీళ్ళూ అందుకుని, ఆవిడ కాళ్ళ మీద పొయ్యకుండా దాటుకుని వెళ్ళి, గర్భగుడి గడప మీద పోసేసి ఇంటికి వెళ్ళిపోయింది. తాయారమ్మ అరుగు మీద కూలబడింది. నోరు పడిపోలేదు. దాహం వేసింది, నీళ్ళిమ్మని అడగడానికి మాత్రం మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చాక బుల్లియ్య పటం వెనక నుంచి రెండు చీటీలూ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అన్నం పెట్టినప్పుడు, అచ్చయ్య మంచి మనిషని ఒక్క ముక్క అని, ఆ తర్వాత చారు పోసుకోకుండానే లేచిపోయాడు.

బుధవారం పొద్దున్న బడి వరండాలో చెక్క కుర్చీలు వేశారు. సందులో ముసలివాళ్ళంతా వచ్చారు. బుల్లియ్య మొదట్లోనే పొడిపించుకుని, నీడలో కూర్చుని రాధ ఇచ్చిన నీళ్ళు తాగుతున్నాడు. తాయారమ్మని తప్పించుకుపోకుండా ఆపింది ఎవరో కాదు, ఎవరూ ఆవిడతో మాట్లాడకపోవడమే. వెనక్కి తిరిగి వెళ్ళిపోతే ఇంతమంది మధ్యలోంచి వెళ్ళాలి. ముందుకి వెళితే కుర్చీ. పక్క కుర్చీలో పైడమ్మ అప్పటికే టీకా వేయించుకుని, చేతి మీద దూది నొక్కుకుని కూర్చుని ఉంది.

తాయారమ్మ కూర్చుంది. టీకా వేసే బర్మా అమ్మాయి జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ఆ చెయ్యి అదురుతుండడం చూసి ఆగింది. "చౌక్ లా, అఫ్వా?" అంది. భయమా అవ్వా అని. చిన్నపిల్లని అడిగినట్టు మెత్తగా అడిగింది.

అంత మెత్తగా ఈ మాట ఇంతవరకు ఎవరూ ఆవిడని అడగలేదు. బర్మా మాట రాలేదు, తెలుగే వచ్చింది. "బయ్యమేస్తంది" అంది తాయారమ్మ. చెప్పి ఏడ్చేసింది.

పైడమ్మ దూది తీసి చూసుకుంది. రక్తం ఆగిపోయింది. లేస్తూ, తల తిప్పకుండానే అంది.

"ఆ ఒక్క మాటా ఆ రోజు మా ఇంటాయనతో అనీసుంటే సరిపోను కదా ఒదినా."

వరండా మెట్లు దిగి, రోడ్డు దాటి, సందులోకి తిరిగేదాకా తాయారమ్మ ఆమె వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. అఫ్వా, ఇక లేవచ్చు అని ఆ అమ్మాయి భుజం తట్టింది. సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు తీశారో తాయారమ్మకి తెలియలేదు.